ఫిట్ అంటే ఆ పూటకే

నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నాయన ఇంకా లేయలేదు పాపా" అంది. కోడి కంటే ముందు లేచే మనిషి కదా, ఒంట్లో నలతగా ఉందేమో అనుకుని, "లేపి చూడు చిన్నమ్మా" అన్నాను. చిన్నమ్మ మెల్లగా, "లేపినా పాపా" అంది.

ఎమ్మిగనూరు బస్టాండుకు ఎలా వచ్చానో, ఆదోని బస్సు ఎలా ఎక్కానో గుర్తులేదు. మా ఊరు ఆ రెండు టౌన్ల మధ్య దారిలోనే ఉంటుంది. ఇంటికి పోయేసరికి చిన్నాయనను నట్టింట్లో చాప మీద పడుకోబెట్టారు. మొహంలో ఏ బాధా లేదు. "బాగా పండుకున్నాడు అనుకొంటి. శానా దినాలకు ఇంత నిద్ర పట్టిందే అని, నేనే శానాసేపు లేపలేదు" అని చిన్నమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్తోంది. ఊళ్ళో ప్రతి డ్రైవరునూ "రాత్రి పండుకున్నావా?" అని అడిగిన మనిషి. ఆ నిద్ర ఆయనకే ఈ మధ్య లేదు. ఎందుకు లేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. మీసాలు పూర్తిగా రాకముందే ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఊరివాళ్ళు చుట్టూ చేరి "విమానం నడిపినావా?" అని అడిగేవాళ్ళు. "నడిపేటోళ్ళ సెయ్యి పట్టుకుంటా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. అది నిజమేనని నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఇంటర్ పరీక్షలు రాసిన ఎండాకాలంలో వాళ్ళింట్లో కొన్నాళ్ళు ఉన్నాను. ఎక్కడో ఉత్తరాదిన, ఇసుక గాలి కొట్టే చోట ఉన్న విమానాల స్థావరం. ఏ ఊరో రాయను. రాస్తే చిన్నాయన ఒప్పుకోడు. పొద్దున ఏం తిన్నావని అడిగినా "అది సెప్పరాదు" అని ఏడిపించే రకం ఆయన. ఆ స్థావరంలోని చిన్న ఆసుపత్రిని సిక్ క్వార్టర్స్ అనేవాళ్ళు. అందులో ఆయన మెడికల్ అసిస్టెంట్. దెబ్బలు తగిలిన సిపాయిలకు కట్లు కట్టే పని అనుకుని పోయాను. చూస్తే అక్కడి పని అంతా దెబ్బ తగలకముందే ఉంది. ఇంజన్ల హోరులో పనిచేసేవాళ్ళ చెవులు పరీక్ష చెయ్యడం, వంటశాలలో గిన్నెలు తిప్పి చూడడం, నీళ్ళ ట్యాంకుల్లో మందు కలపడం, క్వార్టర్స్‌లో పిల్లలకు టీకాలు. "ఇదేం ఆసుపత్రి చిన్నాయనా, రోగమే లేదు" అంటే, "అదే గదా మా గొప్ప" అని మురిసిపోయేవాడు.

అన్నిటికంటే ముఖ్యమైన పని తెల్లవారుజామున. ఆ రోజు ఎగరబోయే పైలట్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చునేవాళ్ళు. చిన్నాయన నాడి పట్టేవాడు, బీపీ చూసేవాడు, జ్వరం చూసేవాడు. నిద్రపోయారా అని అడిగేవాడు. ఏం తిన్నారని అడిగేవాడు. "రోడ్డు మీద కడుపు తిప్పితే బండి ఆపి కంపచెట్ల సాటుకు పోవచ్చు. ఆకాశంలో యాడికి పోతారు పాపా?" అనేవాడు. అంతా చూసి పక్కనున్న డాక్టరుకు చెప్తే, ఆ డాక్టరు పైలట్ మొహంలోకి ఒకసారి చూసి "ఫిట్" అనేవాడు. ఆ మాట పడితే తప్ప ఎంత పెద్ద అధికారి అయినా విమానం మెట్టు ఎక్కడానికి లేదు. మధ్యాహ్నం మళ్ళీ ఎగరాలంటే మళ్ళీ వచ్చి కూర్చోవలసిందే. పొద్దుటి మాట పొద్దుటికే.

ఒకసారి ఒక పెద్ద పైలట్‌కు జలుబు చేసింది. డాక్టరు ఇంకా రాలేదు. "ఇది చెప్పొద్దు" అని చిన్నాయనను బతిమాలాడట. ముక్కు మూసుకుపోయి పైకి పోతే చెవుల్లో గాలి బిగిసి తల పగిలిపోయేంత నొప్పి పుడుతుంది, చేతులు పనిచెయ్యవు. చిన్నాయన డాక్టరుకు చెప్పేశాడు. పైలట్‌ను ఆపేశారు. ఆయన ఆ తర్వాత ఎదురైనప్పుడల్లా మొహం తిప్పుకునేవాడట. నీకు బాధ లేదా అని అడిగాను. "కోపం చేసుకునేకైనా బతికుండాడు గదా, సాలు" అన్నాడు. ఆ మాట నాకు పిల్లలతో విసిగిపోయిన రోజుల్లో ఎన్నోసార్లు పనికొచ్చింది.

ఇంకో పని ఉండేది. విమానాలు ఎగిరినంతసేపూ రన్‌వే పక్కన ఒక అంబులెన్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉండాలి. అందులో చిన్నాయన. పైకి పోయిన ఆఖరి విమానం నేల మీద ఆగేదాకా బూట్లు విప్పడానికి లేదు, కునుకు తీయడానికి లేదు, చెయ్యడానికి పనీ లేదు. సాయంత్రం ఇంటికి రాగానే చిన్నమ్మ "ఏమైంది ఈ పొద్దు?" అని అడిగేది. "ఏమీ కాలేదు" అనేవాడు. పరీక్ష పాసైన పిల్లవాడి మొహంలో ఉండే వెలుగు ఉండేది ఆ మాట చెప్పేటప్పుడు. "అంతా ఏమీ కాని దినాలేనా?" అని నేను అడిగితే కొంచెం తలవంచుకుని, "ఒగ దినం బండి కదిలింది" అన్నాడు. తర్వాత లేచి బూట్లు తుడుచుకున్నాడు. ఆ రోజు గురించి అంతకు మించి ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. చిన్నమ్మతో కూడా.

సర్వీసు అయిపోయాక చాలామంది హైదరాబాదులోనో, బెంగళూరులోనో స్థిరపడతారు. ఈయన మా ఊరికే తిరిగి వచ్చాడు. క్రాస్ రోడ్డు దగ్గర రోడ్డుకు ఆనుకుని ఇల్లు కట్టుకున్నాడు. ముందు వసారా, అందులో ఒక చేతుల కుర్చీ. కొన్నాళ్ళు చిన్నమ్మను పట్టుకుని "నీళ్ళు కాచినావా, మూత పెట్టినావా" అని వంటింటి తనిఖీ చేసి తిట్లు తిన్నాడు. ఆ తర్వాత ఆయనకు ఊరు దొరికింది.

మా వైపు వలసను వలస అనరు, సుగ్గి అంటారు. కన్నడం నుంచి వచ్చిన మాట. అక్కడ దానికి పంట కోతల సంబరం అని అర్థమట. మా దగ్గరికి వచ్చేసరికి సంబరం దారిలో ఎక్కడో జారిపోయింది, కోతలు మాత్రం మిగిలాయి. అవి కూడా పరాయివాళ్ళ చేలల్లో. ఇక్కడ పత్తి ఏరడం అయిపోగానే గుంటూరు వైపు మిరపకాయ కోతలకు ఊళ్ళకు ఊళ్ళు టెంపోలు ఎక్కి పోతాయి. తపేలాలు, జొన్నపిండి మూటలు, కోళ్ళు, పిల్లలు, అంతా ఒకే బండిలో. ఆ నెలల్లో నా తరగతిలో బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఎవరికి చెప్పుకున్నా "మీ వైపు అంతే కదండీ" అంటారు. ఆ 'అంతే'ను వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక తెల్లవారుజామున చిన్నాయన పాలకు పోతున్నాడు. క్రాస్ దగ్గర సుగ్గి బండి బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. డ్రైవరు మా ఊరి ఈరన్న. తలుపుకు ఆనుకుని నిలబడే కునుకుతున్నాడు. చిన్నాయన పాలచెంబు కింద పెట్టి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"రాత్రి పండుకున్నావా ఈరన్నా?"

"యాడ పండుకునేదప్పా? గుంటూరులో ఒగ బండి దింపి ఇప్పుడే వచ్చినా. మల్లా పోతాండా."

"అన్‌ఫిట్. రా, మా ఇంట్లో పండుకో. ఎండెక్కినాక పోదువు."

కూలీలను తీసుకుపోయే మేస్త్రి ఎగిరి పడ్డాడు. ఆడ రైతు కాసుకొని ఉండాడు, అప్పుడే ఆలస్యమైంది, నీకేం తెలుసు పెద్దాయనా, అన్నాడు. చిన్నాయన దగ్గర అధికారం లేదు, యూనిఫారం లేదు. ఊరికే నిలబడ్డాడు. అప్పుడు బండిలోంచి సుంకమ్మ అవ్వ కొంగు దులుపుకుని కిందికి దిగింది. "విమానాలనే ఆపినోడు సెప్తాండాడు, దిగండే. మన పానాలు మిరపకాయల కన్నా అగ్గువా?" అంది. ఒకరి వెంట ఒకరు అందరూ దిగారు. ఈరన్న చిన్నాయన మంచం మీద గుర్రు పెట్టి నిద్రపోయాడు. వసారా నిండా జనం. చిన్నమ్మ తిట్టుకుంటూనే బొరుగులు నానబెట్టి పెద్ద గుండిగలో ఉగ్గాని కలిపింది. మధ్యలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే, "ఉష్, పైలట్ పండుకున్నాడు" అని సుంకమ్మ అవ్వ వేలు చూపించేది.

అట్లా మొదలైంది. మరుసటి ఏడాది నుంచి సుగ్గి బండ్లన్నీ ముందు మా చిన్నాయన వసారా దగ్గర ఆగేవి. ఊరంతా ఆయనను 'అప్ప' అనే పిలిచేది. డ్రైవర్లు సిగ్గుపడుతూ, ఎకసెక్కాలాడుతూ కుర్చీలో కూర్చునేవాళ్ళు. చేతికి బీపీ పట్టా చుట్టేవాడు. కళ్ళ కింది రెప్ప లాగి చూసేవాడు. నోరు తెరవమని వాసన చూసేవాడు. "ఆకాశానికి పోయేటోడు ఒగడే పోతాడు, లేదంటే ఇద్దరు. నీ ఎనక ఊరే ఉంది. నువ్వు వాళ్ళ కన్నా పెద్ద పైలట్‌వి" అనేవాడు. అంతా చూసి, ఒక్క క్షణం ఆగి, "ఫిట్" అనేవాడు. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆ మాట డాక్టరుదే. తనది కాదు. ఊళ్ళో ఆ మాట అనేటప్పుడు ఆయన వెన్ను కొంచెం నిటారుగా అయ్యేది. నేను చూశాను. దాచుకోవలసినంత చెడ్డ ఆనందమేం కాదది.

మా వాళ్ళకు ఆ మాట బాగా నచ్చింది. అదే కొంప ముంచింది. మా ఊళ్ళో బండి కదలాలంటే చక్రం కింద నిమ్మకాయ పెట్టాలి, టెంకాయ కొట్టాలి, ఉరుకుంద గుడిలోని ఈరన్నస్వామి విబూది అద్దాలి. ఆ వరసలో 'ఫిట్' కూడా చేరిపోయింది. విబూది పొద్దున పెట్టుకుంటే సాయంత్రానికి చెల్లదని ఎవరైనా అంటారా? ఫిట్ కూడా అంతేననుకున్నారు. ఒకసారి అంటే ముద్ర పడిపోయినట్టే, ప్రయాణానికంతా కాపు. చిన్నాయనకు ఈ సంగతి తెలియదు. ఆయన ఒక పరీక్ష చేస్తున్నాననుకుంటున్నాడు. వాళ్ళు ఒక దీవెన తీసుకుంటున్నారు. ఒకే మాటను రెండు వైపులా పట్టుకుని, రెండు రకాలుగా నమ్మారు.

పోయిన ఏటి సుగ్గిలో ఒక పొద్దున ఈరన్న వచ్చి కూర్చున్నాడు. రాత్రంతా నిద్రపోయి, స్నానం చేసి, నుదుట విబూదితో వచ్చాడు. కళ్ళు తేటగా ఉన్నాయి. చిన్నాయన "ఫిట్" అన్నాడు. కానీ ఆ పొద్దున బండి పోలేదు. పక్క ఊరి నుంచి రావలసిన కూలీలు రాలేదు. మేస్త్రి "సాయంత్రం పోదాం" అన్నాడు. ఖాళీగా ఎందుకుండాలని ఈరన్న ఆదోని పోయి, పత్తి మిల్లుకు బాడుగ తోలాడు. పగలంతా ఎండలో అదే పని. పొద్దు గుంకాక తిరిగి వచ్చి, నేరుగా బండిలో జనాన్ని ఎక్కించుకున్నాడు. మళ్ళీ చూపించుకుంటావా అని అతని భార్యే అడిగిందట. "పొద్దున్నే అయింది గదా ఫిట్" అన్నాడట. సుంకమ్మ అవ్వ కూడా వింది. అప్ప ఫిట్ అన్నాడంటే ఇంక భయమేముంది అంటూ మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల నా తరగతే. లెక్కల్లో చురుకు. సుగ్గి నుంచి రాగానే వదిలేసిన పాఠాలు చెప్పించుకుంటానని నాతో ఒప్పందం చేసుకుని పోయింది.

బండి తెల్లారేలోపు దారిలో ఆగి ఉన్న లారీ వెనకభాగంలోకి దూరిపోయింది. ఈరన్న కాలు విరిగింది. సుంకమ్మ అవ్వ లేదు. నా పిల్ల లేదు. ఇంకా కొందరు లేరు.

చనిపోయినవాళ్ళ అంత్యక్రియలకు చిన్నాయన పోయాడు, ఎవరి ఇంటికి పోవలసి ఉంటే ఆ ఇంటికల్లా పోయాడు. ఒక్కరూ ఆయనను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. నేను అక్కడ ఉన్నప్పుడే ఈరన్న కట్టు కట్టిన కాలుతో ఆటోలో వచ్చి, కుర్చీ పక్కన కింద కూర్చుని, ఆయన్నే ఓదార్చాడు.

"నీ తప్పేం లేదప్పా. నువ్వు ఫిట్టే అన్నావు. మా గీత అట్లుంది."

"అది పొద్దుటికి ఈరన్నా. ఫిట్ అంటే ఆ పూటకే. సాయంత్రానికి మల్లా సూపించుకోవాల."

"అవునప్పా" అన్నాడు ఈరన్న తల ఊపుతూ. "మంచి గడియ దాటిపోయింది. పొద్దున్నే కదిలింటే ఏమీ అయ్యేది కాదు" అన్నాడు.

చిన్నాయన నా వైపు చూశాడు. ఏళ్ళ తరబడి తను మాట్లాడిన భాష ఎదుటివాడికి రాదని అప్పుడే తెలిసిన మనిషిలా చూశాడు.

ఆ తర్వాత ఆయన ఆ మాట అనడం మానేశాడు. చూసేవాడు, బాగాలేకపోతే వద్దనేవాడు, బాగుంటే ఊరికే చెయ్యి వదిలేసేవాడు. డ్రైవర్లు లేచేవాళ్ళు కాదు. "ఆ మాట ఒగటి అనప్పా, పోతాం" అని బతిమాలేవాళ్ళు. విసుగొచ్చి కొన్నాళ్ళు తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. అప్పుడు బండ్లు ఆగకుండానే పోయాయి. నిద్ర లేని కళ్ళు కిటికీలోంచి ఆయనకు కనిపిస్తూనే ఉన్నాయట. మళ్ళీ కుర్చీ బయటికి తెచ్చాడు. ఆ మాటా అన్నాడు. ప్రతిసారీ "ఈ పూటకే" అని కలిపి అన్నాడు. వాళ్ళు ఆ రెండో మాటను కూడా మంత్రంలో భాగం అనుకుని, "ఫిట్, ఈ పూటకే" అని వల్లించుకుంటూ పోయేవాళ్ళు. ఆ పూట దాటినా, రోజంతా అదే చెప్పుకుని బండి తోలేవాళ్ళు.

ఆయనకు నిద్ర దూరమైంది అక్కడే. రోడ్డు మీద బండి చప్పుడైతే లేచి కూర్చునేవాడట. పోయిన బండ్లన్నీ చేరినట్టు ఫోన్ వచ్చేదాకా చెప్పులు విప్పేవాడు కాదు. చిన్నమ్మ మాత్రం పాత అలవాటు కొద్దీ "ఏమైంది ఈ పొద్దు?" అని అడిగేది. ఆయన జవాబు చెప్పేవాడు కాదు.

ఒక్క మాట నేను చెప్పగలను. ఆయన ఆపిన బండ్లలో ఎందరు బతికారో ఎవరికీ తెలియదు. జరగనిదాన్ని ఎవరు చూడగలరు? జరిగిందొకటే అందరికీ కనబడుతుంది, ఆయనకు కూడా అదే కనబడింది. అది అన్యాయం అని ఆయన బతికుండగానే చెప్పాను. "న్యాయం అడగలేదు పాపా. వాళ్ళు వచ్చింటే సాలు" అన్నాడు.

చిన్నాయన దినాలు అయిపోయాక కూడా నేను ఊళ్ళోనే ఉండిపోయాను. ఈ ఏటి సుగ్గి మొదలైంది. తెల్లవారుతుండగా వసారాలో అలికిడైతే బయటికి వచ్చాను. కుర్చీ వెన్నుకు బీపీ పట్టా వేలాడుతోంది. కుర్చీ చేతులకు ఎవరో కుంకుమ పూశారు. సీటు మీద నిమ్మకాయ. ఈరన్న కొంచెం కుంటుతూ మెట్లెక్కి వచ్చాడు. మళ్ళీ బండి తోలుతున్నాడు, తోలక ఏం చేస్తాడు? కుర్చీ చెయ్యి తాకి కళ్ళకు అద్దుకున్నాడు. "ఫిట్, ఈ పూటకే" అని తనే అనుకున్నాడు. అతని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"రాత్రి పండుకున్నావా ఈరన్నా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఆయన గొంతుతో వచ్చింది.

"అప్ప ఉండాడు గదక్కా" అని నవ్వాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. నిమ్మకాయను పక్కకు విసిరి, కుర్చీ ఎత్తుకుని పోయి లోపల పెట్టి తలుపు వేశాను. ఇప్పుడేం చేస్తాడో చూద్దామని కిటికీ దగ్గరికి వచ్చాను. ఈరన్న కాసేపు నిలబడ్డాడు. తర్వాత వంగి, ఇన్నేళ్ళుగా కుర్చీ కాళ్ళు ఆనిన చోట గచ్చు మీద పడిన గుంతలను ఒక్కొక్కటే వేలితో తాకి, ఆ వేలు కళ్ళకు అద్దుకున్నాడు. బండిలోని ఆడవాళ్ళు ఒళ్ళోని పిల్లల చేతులు కలిపి, ఆ గుంతల వైపే దండం పెట్టించారు.

బండి కదిలింది.